చేతికి అంటని రంగు

రంగులమ్మని కిందటివారం మనం తన షెడ్డులోనే, బయటినుంచి తాళం పడిన తలుపుకి ఇవతల, మరుగుతున్న కాగు ముందు వదిలి వచ్చాం. ఆమె చేసిన పని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆమెకి తెలుసు, మనకి తెలుసు, కాలవలో కరిగిపోయిన పటికకి తెలుసు.

మధ్యలో ఒక వారం తప్పినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. ఏటికి ఇటు ఊరు, ఊళ్ళో సర్కారు సైన్యం. ఏటికి అటు తిరగబడ్డవాళ్ళు. మధ్యలో ఒకే ఒక్క వంతెన, అది అవతలివాళ్ళ చేతిలో. రాజధానికి ధాన్యం పోవాలన్నా, రాజధానినుంచి మందుగుండు అవతలికి దాటాలన్నా అదే దారి. అవతలివాళ్ళు వేసుకునే ఇటుకరంగు చొక్కా పుట్టింది రంగులమ్మ ఇంట్లోనే. ఆమె పెద్దకొడుకు తుపాకీ పట్టడం తర్వాత నేర్చుకున్నాడు. ఏరు దాటిననాడు వెంట తీసుకెళ్ళింది అమ్మ దగ్గర నేర్చిన రంగే. అందుకే కెప్టెన్ నేరుగా ఆమె కొట్టుకి వచ్చాడు. తన మనుషులకి అచ్చం అలాంటి చొక్కాలు తొడగాలి. తెల్లవారుజాము మంచులో వాళ్ళు లోతు తక్కువున్న చోట ఏరు దాటాలి. అవతలి గట్టు కాపలావాడు మనవాళ్ళేలే అనుకుంటూ ఉండగానే వంతెనని వెనకనుంచి పట్టుకోవాలి. అదీ అతని ఎత్తు.

"ఆ వంతెన దొరికితే కోతలు మొదలయ్యేలోపు యుద్ధం అయిపోతుంది రంగులమ్మా. వాళ్ళ బలమంతా అక్కడే ఉంది. దొరకలేదో, మనం రాజధానిదాకా వెనక్కి నడుచుకుంటూ పోవాలి" అన్నాడు కెప్టెన్, కాగు అంచు మీద చెయ్యి వేసి, చుర్రుమని తీసేసుకుంటూ.

అతను 'మనం' అన్నప్పుడల్లా రంగులమ్మ తనని ఏ గట్టు మనిషిగా లెక్కేసుకోవాలో తెలియక పొయ్యిలోకి కట్టె ఎగదోసేది. ఎక్కడో పెద్ద పెద్ద గదుల్లో మ్యాపులు పరుచుకుని ఏళ్ళ తరబడి నడిపిన యుద్ధం, తిరిగి తిరిగి వచ్చి ఆమె కాగులో పడింది.

ఎర్రవేరు రంగు బట్టకి పట్టాలంటే బట్ట ముందు పటిక నీళ్ళలో నానాలి. పటిక లేకపోతే రంగు చుట్టంలా వచ్చి కూర్చుంటుందే తప్ప బట్టతో కాపురం చెయ్యదు. రంగులమ్మ సైన్యం ఇచ్చిన పటిక బస్తాని కాలవపాలు చేసి, మూల పడి ఉన్న జేగురుమన్ను తీసి చిక్కటి గంజిలో కలిపింది. ఆరాక చూస్తే ఎంతటివాడూ వంక పెట్టలేడు. ఏట్లో గుండెలోతుకి దిగితే మాత్రం గంజి వదులుతుంది, గంజితోపాటు ఎరుపూ వదులుతుంది. అవతలి గట్టు చేరేసరికి ఆ మనుషుల ఒంటి మీద సర్కారువారి మాసిన తెల్లగుడ్డ బయటపడుతుంది. కాపలావాడు చూస్తాడు. తుపాకీ పేలుస్తాడు. ఆ చప్పుడుకి పెద్దాడు నిద్ర లేస్తాడు.

పెద్దాడు నిద్ర లేవడం దగ్గరే ఆమె ఆలోచన ఆగిపోయింది. అంతకు మించి వెళ్ళనివ్వలేదు.

* * *

ఇప్పుడు పెరట్లో తాళ్ళ మీద చొక్కాలు ఆరుతున్నాయి. నాలుగువైపులా ఎత్తయిన గోడలు, పైన ఒక ఆకాశం ముక్క. గాలి వచ్చినప్పుడల్లా చొక్కాలన్నీ ఒక్కసారిగా చేతులు ఊపుతున్నాయి. తలకాయల్లేని మనుషుల్లా ఉన్నాయే అనిపించి రంగులమ్మ చూపు తిప్పేసుకుంది. ఆమెకి ఎప్పుడూ ఇలాంటివే తోస్తాయి. చిన్నప్పుడు పెద్దాడు బడినుంచి కాస్త ఆలస్యమైతే చాలు, బండి కింద పడ్డాడనీ, బావిలోకి జారాడనీ, ఎవరో ఎత్తుకుపోయారనీ రకరకాల చావులు వాడికి పెట్టేసి, వాడు ఏదో కాయ కొరుక్కుంటూ గుమ్మంలోకి రాగానే వీపు మీద ఒక్కటిచ్చేది. దేనికి కొట్టిందో వాడికి ఎన్నడూ అర్థం కాలేదు. యుద్ధం వచ్చాక ఆమెకి ఊహించుకునే శ్రమ తగ్గింది. అన్నీ నిజంగానే జరుగుతున్నాయి.

కూతురు తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటోంది. ఇంట్లో అందరూ ఆ పిల్లని చిన్నీ అంటారు. తల్లికి అన్నం తెచ్చి, "ఇంకో రెండు చేతులుంటే పని త్వరగా తెములుతుంది" అని కాపలావాళ్ళు లోపలికి తోసి తాళం వేసేస్తే ఇక్కడే ఉండిపోయింది. పొద్దున్నుంచీ తడి చొక్కాలు పిండి తాళ్ళ మీద వేసింది ఆ పిల్లే.

చేతులు తుడుచుకోబోయి చిన్నీ ఆగింది. అరచేతులు తిప్పి చూసుకుంది. మళ్ళీ నీళ్ళలో ముంచి, ఒకదానితో ఒకటి రుద్ది, మళ్ళీ చూసుకుంది.

"అమ్మా, ఇలా రా."

"ఏమైందే? కోసుకుందా? తీగ గుచ్చుకుందా? తుప్పుదేమో చూడు, తుప్పుదైతే—"

"ఏమీ గుచ్చుకోలేదు. రా ముందు."

రంగులమ్మ వెళ్ళింది. కూతురు రెండు చేతులూ ముందుకు చాచింది. శుభ్రంగా, అప్పుడే స్నానం చేయించిన పసిపిల్ల చేతుల్లా ఉన్నాయి.

రంగువాళ్ళ ఇంట్లో పుట్టిన పిల్లకి ఇంతకన్నా వేరే చెప్పక్కర్లేదు. ఈ ఇంట్లో ఎవరు ఎర్ర కాగులో చెయ్యి పెట్టినా ఆ ఎరుపు గోళ్ళు పెరిగి రాలిపోయేదాకా ఉంటుంది. పెళ్ళి కుదిరినప్పుడు చిన్నీ చేతుల ఎరుపు పోవాలని నిమ్మచెక్కా ఇసకా బూడిదా అన్నీ పెట్టి రుద్దారు. తోలు ఊడింది గానీ రంగు ఊడలేదు. పెళ్ళికొడుకు ఆ చేతులు చూసి, "మా ఆవిడ దొంగతనం చేస్తే ఇట్టే దొరికిపోతుంది" అని నవ్వాడు.

"సరుకు తక్కువిచ్చారు. రంగు పలచగా కలిపాను" అంది రంగులమ్మ.

"అమ్మా, నేను నీ కూతుర్ని."

చిన్నీ తాడు మీదున్న చొక్కా ఒకటి లాగి, దాని అంచుని తొట్టిలో ముంచి గట్టిగా పిండింది. ఎర్రటి నీళ్ళు జారాయి. అంచు బూడిదరంగులో తేలింది. గేటు అవతల కాపలావాడెవడో దగ్గాడు. చిన్నీ గొంతు తగ్గించింది.

"పటిక ఏదీ?"

"కాలవలో."

"బస్తా అంతానా?"

"బస్తా అంతా."

చిన్నీ తొట్టి గట్టు మీద కూర్చుండిపోయింది. కాసేపటికి ఆ పిల్ల మొహంలో నవ్వులాంటిదేదో కదిలింది. "అన్నయ్య కోసం చేశావు కదూ. నీకింత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందే? బల్లి కనబడితే మంచమెక్కి కూర్చుంటావు."

రంగులమ్మ నవ్వలేదు. తల్లి నవ్వకపోవడం కూతురి కంట పడింది.

"ఏంటమ్మా?"

"ఏం లేదు. ఆ చొక్కా ఆరెయ్. ఎవరైనా చూస్తారు."

"ఇవి ఎవరికి ఇస్తారు?"

"ఎవరికేమిటి, సైనికులకి."

"సైనికులంటే ఎవరు? బయటినుంచి వచ్చినవాళ్ళా?"

రంగులమ్మ కాగు కింద మంట చూస్తున్నట్టు వంగింది. అక్కడ మంట ఎప్పుడో ఆరిపోయింది. "అవతలి కాపలావాడు పలకరిస్తే జవాబు చెప్పాలటగా. వచ్చినవాళ్ళ మాట తేడాగా ఉంటుందని... ఈ ఊరి కుర్రాళ్ళని ఏరారు."

పెరట్లో చొక్కాలు చేతులు ఊపాయి.

"ఈయన ఉన్నారా అందులో?" అంది చిన్నీ.

చిన్నీ భర్త తాళాలు బాగుచేసేవాడు. వీధిలోంచి పట్టుకెళ్ళి సైన్యంలో చేర్చుకున్నారు. తాళాలు తీసే మనిషిని తెచ్చి ఈ గేటు తాళానికే కాపలా పెట్టారు. "పెళ్ళాన్నీ అత్తగారినీ తాళంలో పెట్టి కూర్చునే యోగం ఎంతమందికి పడుతుంది చెప్పండి" అని పొద్దుటే గేటు సందులోంచి జోకు వేశాడు. తాను దేనికి ఎంపికయ్యాడో ఆ మాట మాత్రం పెళ్ళానికి చెప్పలేదు.

"అమ్మా, నిన్నే. ఉన్నారా?"

"ఉన్నాడు."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"నిన్న. సాయంత్రం కెప్టెన్ కొలతలు చెబుతుంటే... అతని పేరు చదివాడు."

"అప్పటికి ఎన్ని అయ్యాయి?"

"సగం."

"మిగతా సగం?"

మిగతా సగం కూడా తాళ్ళ మీదే ఆరుతోంది. చిన్నీ వాటివైపు చూసింది, తల్లివైపు చూసింది.

"తెలిశాక కూడా అలాగే వేశావు."

"సగానికి పటిక పెట్టి సగానికి పెట్టకపోతే ఏమవుతుందే? సగంమంది ఎర్రగా, సగంమంది తెల్లగా... ఎవరు ఎవరిని కాలుస్తారో దేవుడికి కూడా—"

"దేవుణ్ణి తీసుకురాకు. నాకు లెక్కలు చెప్పకు. నా మొగుడు ఆ ఏట్లో దిగుతాడని తెలిసి నువ్వు మళ్ళీ గంజి కాచావు."

"మీ అన్నయ్య అక్కడ—"

"అన్నయ్య నాకు కాడా? నాకు నడక నేర్పింది వాడు. జ్వరం వస్తే నన్ను వీపున వేసుకుని ఊరంతా తిప్పింది వాడు. నువ్వేమో మూల కూర్చుని ఏడ్చేదానివి." చిన్నీ గొంతు లేవబోయి, గేటు గుర్తొచ్చి మళ్ళీ పడింది. గొంతు నొక్కుకుని తిట్టడం ఎంత కష్టమో ఆ మొహం చూస్తే తెలుస్తోంది. "నీకు అక్కడ ఒక్కడే ఉన్నాడు. నాకు ఇద్దరున్నారు."

"నాకూ ఇద్దరే."

"కాదు. ఇద్దరైతే నిన్న రాత్రి నిద్రపట్టేది కాదు నీకు."

నిద్రపట్టలేదని చెప్పాలనుకుంది రంగులమ్మ. చెప్పి ప్రయోజనమేమిటి. రాత్రంతా ఆమె ఆ ఏటిని దాటుతూనే ఉంది. ఒకసారి అల్లుడు నీళ్ళలో పడుతున్నాడు, ఒకసారి కొడుకు గట్టు మీద పడుతున్నాడు. ఎటునుంచి దాటినా ఎవరో ఒకరు పడుతూనే ఉన్నారు. ఒకరూ పడకుండా దాటే చోటు కోసం వెతికి వెతికి తెల్లారింది.

"ఆయనకి చెప్పేస్తాను" అంది చిన్నీ లేస్తూ.

రంగులమ్మ కూతురి మోచెయ్యి పట్టుకుంది. "చెప్పి? వెళ్ళనంటే గోడకి నిలబెట్టి కాలుస్తారు. వెళ్తానంటే కెప్టెన్ ఎదురుగా ఏ మొహం పెట్టుకుని నిలబడతాడు? నీ మొగుడి సంగతి నీకు తెలియదా? పేకాటలో మంచి ముక్క పడితే చెవులెర్రబడతాయి. అతని పొట్టలో మాట దాగుతుందా?"

అంత కోపంలోనూ చిన్నీ కాదనలేకపోయింది. ఆ చెవుల సంగతి వీధి వీధంతటికీ తెలుసు.

"అయితే ఏం చేద్దాం? చూస్తూ కూర్చుందామా?"

రంగులమ్మ షెడ్డు లోపలికి నడిచింది. పొయ్యి పక్కన మూతపెట్టిన చిన్న కుండ ఒకటుంది. మొదటిరోజు కెప్టెన్‌కి మచ్చు చూపించడానికి నిజమైన ఎర్రవేరు ఉడికించిన కుండ అది. అడుగున ఇంకా రంగుంది. మూత తీసి చూపించింది. "ఒక్క చొక్కాకి సరిపోతుంది."

"పటిక లేదన్నావుగా."

తల్లి గోడకి తగిలించిన అద్దం వైపు చూసింది. చిన్నీ నాన్న గడ్డం గీసుకునే అద్దం అది. ఆయన పోయి చాలా కాలమైనా దాని కింది గూడు ఎవరూ సర్దలేదు. బ్రష్షు, మొద్దుబారిన కత్తి, వాటి వెనక గడ్డం గీసుకున్నాక చెంపలకి రాసుకునే పటిక ముక్క. అరిగి అరిగి ఒక పక్క నున్నగా చెంప ఆకారంలో పల్లమైంది. రంగులమ్మ దాన్ని అరచేతిలోకి తీసుకుని రోట్లో వేసి దంచేసింది.

తల్లీకూతుళ్ళు మాట్లాడుకోకుండా పని చేశారు. ఇందాక అంచు పిండిన చొక్కానే ఉతికి గంజీ మన్నూ వదిలించి, తొట్టిలో కొత్తనీళ్ళు నింపారు. మాటల్లేకపోయినా చేతులకి తెలుసు. ఒకరు బట్ట అందిస్తే ఒకరు నానబెట్టారు, ఒకరు కుండలో ముంచితే ఒకరు కర్రతో తిప్పారు. ఆ చొక్కా అచ్చంగా పట్టింది. పిండి చూస్తే నీళ్ళు తేటగా జారాయి. రేకు కప్పు ఎండకి పెనంలా కాలుతోంది. నిచ్చెనేసి దాని మీద పరిచారు.

చిన్నీ చేతులు అప్పుడు మాత్రం కుండలో పెట్టలేదు. తల్లి పెట్టనివ్వలేదు. "కాలుతుంది, నువ్వు కర్రతో తిప్పు" అంది. ఎందుకన్నదో ఆమెకే తెలియదు, చిన్నప్పటినుంచీ అనే మాటే అనేసింది.

చొక్కా ఆరుతుంటే చిన్నీ నిచ్చెన కింద నిలబడి మెల్లగా అడిగింది. "అందరివీ తెల్లబడి, ఈయనదొక్కటే ఎర్రగా ఉంటే?"

"అవతలివాళ్ళు అతన్ని కాల్చరు. మనవాడే అనుకుంటారు."

"ఇవతలివాళ్ళో? వెనకనుంచి వచ్చేవాళ్ళు? ఇతనొక్కడి చొక్కా ఎందుకు పోలేదని వాళ్ళు అడగరా?"

రంగులమ్మ ఎన్నో చావులు ఊహించింది. ఇది మాత్రం ఆమె జాబితాలో లేదు. నిచ్చెన పట్టుకుని నిలబడింది. రేకు కప్పు ఎండకి టకటకమంటోంది.

"ఒక గట్టునుంచి వచ్చే గుండైనా తప్పుతుంది" అంది చివరికి.

చిన్నీ సూదీ దారం తీసుకుని చొక్కా చేతుల అంచు విప్పి, భర్త పొడుగుకి సరిపోయేలా దించి కుట్టింది. ఆ కుట్టు కుట్టినంతసేపూ తల్లివైపు చూడలేదు.

* * *

పొద్దు వాలుతుండగా గేటు తెరుచుకుంది. ముందు అల్లుడు, వెనక మూటలు మోయడానికి మరి కొందరు వచ్చారు. అల్లుడు టోపీ తీసి, "అత్తయ్యా, ఆకలేస్తోందంటే ఏమైనా పెడతారా, రంగునీళ్ళే గతా?" అన్నాడు.

"ముందు ఇది తొడుక్కోండి" అని చిన్నీ చొక్కా చేతికిచ్చింది. "మీ కొలతకి కుట్టాను. మిగతావి మీకు మోచేతిదాకా కూడా రావు."

అతను తొడుక్కుని చేతులు చాచి చూసుకున్నాడు. "పెళ్ళికి కూడా ఇంత బాగా కుదరలేదోయ్" అన్నాడు. అన్నాక తాను ఎక్కడికి వెళ్ళాలో పెళ్ళానికి తెలిసిపోయిందన్న సంగతి అప్పుడు తట్టినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి. "ఊరికే కవాతుకే. పొద్దున్నకల్లా వచ్చేస్తాను."

"సరే" అంది చిన్నీ.

రంగులమ్మకి ఆ పూట మొదటిసారి ఊపిరి కాస్త లోపలిదాకా వెళ్ళింది. ఒక్క పని అయినా అనుకున్నట్టు జరిగింది. ఆ ఊపిరి బయటికి వచ్చేలోపే గేట్లోంచి స్టోరుసారు వచ్చాడు.

సైన్యానికి కావలసిన బట్టలూ బూట్లూ దుప్పట్లూ చూసే మనిషి ఆయన. యుద్ధానికి ముందు బట్టల కొట్లో గుమాస్తా. మనిషి మెత్తగా మాట్లాడతాడు, తొందరపడడు. మడతపెట్టిన చొక్కాల గుట్ట చుట్టూ ఒకసారి తిరిగి, పై చొక్కా రంగుని వెలుతురుకి పట్టి చూసి, తృప్తిగా తలాడించాడు.

"బాగుందమ్మా. అచ్చం వాళ్ళదే. ఒకటి తడిపి చూద్దాం."

"తడిపితే ఆరదు సారూ, పొద్దు పోయింది" అంది రంగులమ్మ.

"ఒక్కటే. మొన్న మా ఆవిడ కొత్త చీర ఉతికి నా తెల్లబట్టలన్నీ గులాబీరంగు చేసింది. అప్పట్నుంచీ నాకు రంగంటే భయం." సైనికులు నవ్వారు. ఆయన గుట్ట పైదాని మీద చెయ్యి వేసి, తీసేశాడు. "పైది వద్దు. కొట్లో పైన పెట్టేది ఎప్పుడూ మంచిదే, ఆ పని నేనూ చేశాను."

ఆయన చెయ్యి గుట్ట మధ్యలోకి వెళ్ళింది. రంగులమ్మ కళ్ళముందు గోడ కనబడింది. గోడకి తాను, పక్కన కూతురు. కళ్ళకి గంతలు కడతారా, కట్టరా అన్నది కూడా ఆలోచించేసింది. చిన్నీ తన తెల్లటి చేతులు రెండూ వీపు వెనక్కి దాచుకుంది.

చొక్కా సగం బయటికి వచ్చాక స్టోరుసారు దాన్ని వదిలేసి వెనక్కి తిరిగాడు. అల్లుడివైపు చూశాడు.

"ఏరా, నువ్వు తొడుక్కున్నావుగా ఒకటి. అది విప్పు. మడతల్లోది దేనికి, ఒంటి మీదదే చూద్దాం. ఏట్లో దిగేది అదేగా."

అల్లుడు విప్పి ఇచ్చాడు.

స్టోరుసారు దాన్ని తొట్టిలో ముంచాడు. బాగా నానేదాకా ముంచి ఉంచి, బట్టల కొట్టు గుమాస్తా పిండినట్టే రెండు చేతులా మెలిపెట్టి పిండాడు. నీళ్ళు తేటగా జారాయి. ఇంకోసారి ముంచాడు. జేబులోంచి తెల్ల రుమాలు తీసి తడిచొక్కా మీద అదిమి, తీసి, వెలుతురుకి పట్టి చూశాడు. రుమాలు మల్లెపువ్వులా ఉంది.

"భేష్" అన్నాడు. "ఇలాంటి రంగు మా కొట్లో ఉంటే నేను యుద్ధానికి వచ్చేవాణ్ణే కాదు. ఎత్తండ్రా మూటలు. కెప్టెన్‌తో చెప్పండి, వర్షం పడినా ఫరవాలేదని."

రంగులమ్మ తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. గండం గడిచింది, పెద్దాడు బతికాడు అనుకుంది. అంతలో స్టోరుసారు తడిచొక్కాని చిన్నీ చేతుల్లో పడేసి, గుట్టలోంచి సగం లాగి వదిలేసిన చొక్కా తీసి అల్లుడి మీదికి విసిరాడు.

"అది ఆరేదాకా ఆగలేం. ఇది తొడుక్కో."

అల్లుడు తొడుక్కున్నాడు. చేతులు మోచేతి దగ్గరే ఆగిపోయాయి. వాటిని ఎగాదిగా చూసుకుని పెళ్ళాంవైపు తిరిగి నవ్వాడు. "తడిది ఆరెయ్యి. వచ్చాక అదే తొడుక్కుంటాను."

తడిచొక్కాలోంచి నీళ్ళు చిన్నీ చేతుల మీదుగా కారి నేల మీద పడుతున్నాయి. తేటనీళ్ళు.

మూటలు ఒక్కొక్కటే గేటు దాటాయి. అల్లుడు కూడా మూట ఎత్తుకుని, కురచ చేతుల చొక్కాలో, వెనక్కి చూస్తూ దాటాడు. రంగులమ్మ కూతురి మొహం చూసింది. ఆ మొహంలో ఏముందో తల్లికి అర్థమైంది. తాను నిన్న సాయంత్రం, పేరు విన్నాక, మళ్ళీ గంజి పొయ్యి మీద పెట్టినప్పుడు తన మొహం కూడా ఇలాగే ఉండి ఉంటుంది.

"చిన్నీ" అంది లోగొంతుకతో.

స్టోరుసారు అందరికన్నా వెనక, గేటు దగ్గర, తాళంచెవుల గుత్తిలో సరైనది వెతుక్కుంటున్నాడు.

చిన్నీ తడిచొక్కాని తొట్టి గట్టు మీద పెట్టింది. ఒక అడుగు వేసింది. రంగులమ్మ చెయ్యి దానంతటదే లేచి కూతురి మోచెయ్యి అందుకుంది. పట్టుకుంటే ఒకడు పోతాడు, వదిలితే ఒకడు పోతాడు. కన్నతల్లి వేళ్ళకి ఆ సంగతి తెలిసిపోయినట్టుంది, అవి బిగుసుకోనూ లేదు, వదలనూ లేదు. చిన్నీ ఇంకో అడుగు వేసేసరికి వాటంతటవే జారిపోయాయి.

"సారూ" అంది చిన్నీ.

స్టోరుసారు తలెత్తాడు. "ఏమ్మా?"

చిన్నీ ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది. రెండు అరచేతులూ, చుక్క మరక లేకుండా తెల్లగా ఉన్న ఆ రంగువాళ్ళ పిల్ల అరచేతులు, మెల్లగా ఆయన కళ్ళముందుకి ఎత్తింది.